స్పిట్‌ఫైర్ మార్క్ 1: రెక్క కింద నుంచి ఒక రివ్యూ

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నడిపిన ఒంటి సీటు యుద్ధవిమానం స్పిట్‌ఫైర్, మార్క్ 1 దాని తొలి రకం. దాని మీద వచ్చిన పొగడ్తలు దాదాపు అన్నీ పైలట్లవే. మునివేళ్లతో నడపొచ్చు, మలుపులో చెప్పినట్టు వింటుంది, ఇలాంటివి. అందులో అబద్ధమేమీ లేదు. కానీ యుద్ధం జోరుగా సాగిన రోజుల్లో కూడా ఆ విమానం గాలిలో ఉండేది కొద్ది గంటలే. తక్కిన సమయమంతా గడ్డి మైదానంలో ఓ మూల నిలబడి, ఎవరో ఒకరి చేత విప్పించుకుంటూ, నింపించుకుంటూ, తుడిపించుకుంటూ ఉంటుంది. ఈ రివ్యూ ఆ ‘ఎవరో ఒకరి’ పక్షాన రాసింది. కొలమానం ఒక్కటే: దిగిన విమానాన్ని ఎంత తొందరగా, ఎన్ని చేతులతో, ఎంత నమ్మకంగా మళ్లీ పైకి పంపగలం?

ముందు వివరాలు. నమూనా విమానం తొలిసారి ఎగిరింది 1936 మార్చి 5న. 1938 ఆగస్టులో డక్స్‌ఫర్డ్‌లోని 19వ స్క్వాడ్రన్‌కి తొలి విమానాలు అందాయి. ముక్కులో రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్: 12 సిలిండర్లు, 27 లీటర్లు, సుమారు 1,030 హార్స్‌పవర్. రెక్కల్లో 8 బ్రౌనింగ్ మెషిన్‌గన్లు. ధర సంగతికొస్తే, 1940లో చందాలు పోగుచేసేవాళ్లకు ఒక్కో స్పిట్‌ఫైర్‌కి చెప్పిన లెక్క 5,000 పౌండ్లు. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల మారకంలో మన డబ్బుల్లో 66 వేల పైచిలుకు. అసలు ఖర్చు దానికన్నా బాగా ఎక్కువ. అది జనాన్ని ఊరించడానికి గుండ్రంగా కట్టిన రేటు. అలాంటి విరాళాల్లో మన వైపు డబ్బూ ఉంది. రాయల్ ఎయిర్‌ఫోర్స్ 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు పెట్టారు, దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 234వ దానికి మద్రాస్ ప్రెసిడెన్సీ పేరు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోవే. ఆ రెండు స్క్వాడ్రన్లూ 1940లో స్పిట్‌ఫైర్లతోనే పోరాడాయి.

ఒక్కో విమానానికి ఇద్దరు సొంత మనుషులు. ఇంజన్ చూసేవాడు ఫిట్టర్, రెక్కలు, చక్రాలు, కంట్రోళ్లు చూసేవాడు రిగ్గర్. తుపాకులకు ఆర్మరర్లు, రేడియోకి, కరెంటుకి, మీటర్లకి వేరే మనుషులు. వీళ్లు విమానం నుంచి విమానానికి తిరుగుతూ ఉంటారు. కాబట్టి ‘ఒక విమానం, ఒక మెకానిక్’ అని ఊహించుకోవద్దు. దిగిన వెంటనే దాని చుట్టూ చేరే గుంపు చిన్నదేమీ కాదు.

ఆ గుంపు మొదట చూసేది రెక్క ముందు అంచుని. ఎనిమిది తుపాకీ రంధ్రాల మీద గుడ్డ ముక్కలు పెట్టి ఎర్ర డోప్‌తో (గుడ్డని బిగించే వార్నిష్ లాంటి పూత) అంటిస్తారు. లోపలికి తేమ, దుమ్ము పోకుండా, పైన చలికి తుపాకులు గడ్డకట్టకుండా ఈ ఏర్పాటు. గుడ్డలు చిరిగి ఉంటే కాల్చి వచ్చాడని అర్థం. విమానం ఇంకా కనిపించకముందే చెప్పేసేవాళ్లూ ఉన్నారు: తెరుచుకున్న రంధ్రాల మీదుగా గాలి వీచి ఈల వేసినట్టు వినిపిస్తుంది. స్కేల్ మోడళ్లు కట్టేవారు ఈ మాట గుర్తుపెట్టుకుంటే మంచిది. పోరుకు సిద్ధంగా నిలబడ్డ విమానానికి నల్లగా తెరిచిన రంధ్రాలు పెట్టడం తప్పు.

పెట్రోలు విషయంలో స్పిట్‌ఫైర్‌కి మంచి మార్కులే వేయాలి. ట్యాంకులు రెండు: పైది 48 గ్యాలన్లు, కిందిది 37. మొత్తం 85 గ్యాలన్లు, సుమారు 386 లీటర్లు. రెండూ ఇంజన్‌కీ పైలట్‌కీ మధ్య ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పోసే మూత ఒక్కటే. పైదాంట్లో పోస్తే కిందిది దానంతటదే నిండుతుంది. మూడు గొట్టాల ట్యాంకరు వస్తే ఒకేసారి మూడు విమానాలకు పట్టొచ్చు. చిక్కల్లా మూత ఉన్న చోటుతోనే. అది అద్దానికి సరిగ్గా ముందు ఉంటుంది. తొందరలో పొంగిందంటే పెట్రోలు వేడి ఇంజన్ వైపుకో పైలట్ అద్దం మీదికో కారుతుంది. 1940లో వాడిన 100 ఆక్టేన్ పెట్రోలుకి ఆకుపచ్చ రంగు కలిపేవారు, పాత 87 ఆక్టేన్‌తో పొరబడకుండా. డబ్బాలతో పోయాల్సి వస్తే గరాటులో మెత్తటి తోలు వేసి వడకట్టాలి. ఆ తోలు పెట్రోలుని వదిలి నీటిని ఆపుతుంది. గుడ్డ వేస్తే నీళ్లు ఆగవు. ఆ నీళ్లు కార్బురేటర్‌లోకి చేరితే టేకాఫ్‌లో ఇంజన్ దగ్గుతుంది, అప్పుడు చేయగలిగింది పెద్దగా ఉండదు.

తుపాకుల దగ్గరికొచ్చేసరికి మార్కులు పడిపోతాయి. ఎనిమిది తుపాకులూ ఒక్కచోట లేవు. పల్చటి దీర్ఘవృత్తాకారపు రెక్కలో చోటు దొరికిన చోటల్లా పెట్టారు. చివరిది రెక్క కొసకు దగ్గర్లో ఉంటుంది. ఒక్కో తుపాకీకి పైన ఒక మూత, కింద ఒక మూత, తూటాల పెట్టెకి మరో మూత. ప్రతి మూతకీ పావు తిప్పుతో ఊడే బిగింపులు బోలెడు. తుపాకీకి 300 చొప్పున మొత్తం 2,400 తూటాలు. కాల్చడానికి పదిహేను సెకన్లు చాలు, నింపడానికి మాత్రం మెడ పైకెత్తి రెక్క కింద వెల్లకిలా పని చేయాలి. ఖాళీ పెట్టె దించి, ముందే తూటాల మాల (లింకులతో ఒకదానికొకటి కలిపిన వరస) పేర్చి ఉంచిన పెట్టె ఎక్కించి, మాల కొసను తుపాకీలోకి లాగాలి. మొదట్లో ఇందుకోసం పై మూతలు కూడా ఊడదీసేవారు. తర్వాత ఆర్మరర్లు ఒక క్యాన్వాస్ పట్టీని మాల కొసకి తగిలించి, పై మూత ముట్టుకోకుండానే మాలను లోపలికి లాక్కునే ఉపాయం పట్టారు. దాంతో పని కొద్ది నిమిషాలకు దిగింది. గమనించండి, ఈ లోపాన్ని సరిదిద్దింది డ్రాయింగు బోర్డు దగ్గర కూర్చున్నవాళ్లు కాదు.

మాల పేర్చడం కూడా చేతి నేర్పే. ఒక్క తూటా లింకులో పావు అంగుళం ముందుకో వెనక్కో జరిగి ఉన్నా ఆ తుపాకీ ఇరుక్కుంటుంది, గాలిలో దాన్ని విడిపించే మార్గం లేదు. నూనె ఎక్కువ రాసినా ముప్పే: పైన చలికి అది చిక్కబడి బోల్టు కదలదు. అందుకే గొట్టం, బోల్టు పొడిగా తుడిచి, చలికి గడ్డకట్టని నూనెను పలచటి పొరలా మాత్రమే రాయాలి. రేడియేటర్ వేడి గాలిని తుపాకుల దాకా తీసుకెళ్లే గొట్టాలు తర్వాత చేర్చారు. గురి కుదర్చడం మరో పూట పని. తోక ఎత్తి, జాకీల మీద విమానాన్ని మట్టంగా నిలిపి, ఎదురుగా గుర్తుల బోర్డు పెట్టి ఒక్కో తుపాకీని సర్దాలి. మొదట 400 గజాల దగ్గర కలిసేలా పెట్టేవారు, అనుభవం మీద 250 గజాలకి మార్చారు.

19వ స్క్వాడ్రన్‌కి 1940 వేసవిలో 20 మిల్లీమీటర్ల ఫిరంగులు పెట్టిన రకం ఇచ్చారు. రెక్కలో పట్టడానికి వాటిని పక్కకి పడుకోబెట్టారు, పైగా 60 గుండ్ల డ్రమ్ము. అవి ఎంతగా ఇరుక్కున్నాయంటే సెప్టెంబరులో ఆ స్క్వాడ్రన్ పాత మెషిన్‌గన్ల విమానాలే మళ్లీ అడిగి తీసుకుంది. ఆ రకానికి మార్కులు లేవు.

ఇక మెర్లిన్. ఇంజన్‌గా దానికి వంక పెట్టడం కష్టం, కానీ అది గారాబం కోరుకునే ఇంజన్. స్టార్ట్ చేయడానికి బయటి నుంచి బ్యాటరీల బండి కావాలి. ముక్కు కుడి పక్కనున్న సాకెట్‌లో ప్లగ్ పెట్టి, పైలట్ చేతిపంపుతో పెట్రోలు ఎక్కించాక మీట నొక్కుతారు. చలి రోజున పంపులు ఎక్కువ పడాలి, వేడి ఇంజన్‌కి అసలు అక్కర్లేదు. ఎక్కువ కొడితే ఎగ్జాస్టులోంచి మంటలు లేస్తాయి, అందుకే ఒకడు మంటలార్పే సీసాతో పక్కనే నిలబడి ఉంటాడు. ఇంజన్ అందుకోగానే ప్లగ్ పీకి, మూత బిగించి, బండిని వెనక్కి లాగాలి. ఇదంతా తిరిగే ప్రొపెల్లర్‌కి చేయి చాపినంత దూరంలో, దాని గాలిలో, చీకట్లో టార్చి కూడా లేకుండా. మార్క్ 2లో తూటాలాంటి గుళ్లతో పేలి తిరిగే స్టార్టర్ వచ్చాక బ్యాటరీల బండి మీద ఆధారపడటం తగ్గింది.

అసలు తలనొప్పి కూలెంటు, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం. మార్క్ 1లోని మెర్లిన్ 3కి నీళ్లు కలపని ఎథిలీన్ గ్లైకాల్ పోస్తారు. అది 197 డిగ్రీల దాకా మరగదు కాబట్టి చిన్న రేడియేటర్‌తో సరిపెట్టుకోవచ్చన్నది ఆలోచన. ఆచరణలో అది నీళ్లు కారని అతుకుల్లోంచి కూడా చెమర్చుతుంది, వేడి లోహం మీద పడితే అంటుకుంటుంది. తియ్యగా ఉంటుంది, విషం. రోజూ ప్రతి రబ్బరు అతుకు దగ్గరా వేలు పెట్టి చూసి, క్లిప్పులు బిగించుకోవాలి. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది. మార్క్ 2 నుంచి 70 పాళ్లు నీళ్లు, 30 పాళ్లు గ్లైకాల్ వాడకం వచ్చింది, ఫిట్టర్ల ప్రాణం కాస్త కుదుటపడింది.

దీనికి తోడు ఒక డిజైను తప్పు. రేడియేటర్ కుడి రెక్క కింద ఒక్కటే, ఎడమ రెక్క కింద ఉన్నది ఆయిల్ కూలర్. చక్రాలు దించి ఉన్నప్పుడు కుడి చక్రం కాలు ఆ రేడియేటర్‌కి వచ్చే గాలికి అడ్డం నిలుస్తుంది. అంటే నేల మీద, గాలి అవసరమైన చోటే గాలి అందదు. ఎండాకాలంలో టేకాఫ్ కోసం వరుసలో నిలబెడితే సూది ఎర్ర గీత వైపు పాకుతూనే ఉంటుంది. అందుకే ముక్కు గాలికి ఎదురు పెట్టి, ఇంజన్ పరీక్ష టూకీగా ముగించి వదిలేయాలి. అలాగని వేడెక్కకుండా తోలడమూ కుదరదు. ఆయిల్ కనీసం 15 డిగ్రీలకి చేరితే గానీ థ్రాటిల్ తెరవకూడదు. ఈ రెండింటి మధ్య ఇరుకు సందులోనే పొద్దుటి పూట పనంతా నడుస్తుంది. తెల్లవారకముందే ఫిట్టర్లు లేచి ఒక్కో ఇంజన్‌నీ వేడి చేసి ఉంచేది ఇందుకే.

100 ఆక్టేన్ పెట్రోలు బలం ఇచ్చింది, దాంతోపాటు సీసం కూడా. ఎక్కువసేపు మెల్లగా తిప్పితే ఆ సీసం స్పార్క్ ప్లగ్గుల మీద పేరుకుంటుంది. సిలిండర్‌కి రెండు చొప్పున ప్లగ్గులు 24. ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు ఒకదాని తర్వాత ఒకటి ఆపి చూసినప్పుడు ఇంజన్ తిరుగుడు ఎక్కువ పడిపోతే, తప్పు ఏ ప్లగ్గుదో పట్టుకోవడానికి ఫిట్టర్లు ఎగ్జాస్టు గొట్టాల వేడిని చూస్తారు. చల్లగా ఉన్న గొట్టం వెనకే దోషి ఉంటుంది.

బూస్ట్ అంటే ఇంజన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి; దాని హద్దు తీసేసే బూస్ట్ కటౌట్ మీటకి ఒక సన్నని తీగ కట్టి ఉంటుంది. పైలట్ ప్రాణం మీదికొస్తే ఆ తీగ తెంపి మీట లాగుతాడు. బూస్ట్ 6 పౌండ్ల పైచిలుకు నుంచి 12కి పోతుంది, సుమారు 300 గుర్రాల బలం అదనంగా వస్తుంది, కానీ 5 నిమిషాలకి మించి కాదు. తెగిన తీగ అబద్ధమాడదు, అందుకే దాన్ని పెట్టారు. దిగాక పైలట్ చెప్పాలి, ఇంజన్ పుస్తకంలో రాయాలి, ఫిట్టర్ ఆయిల్ ఫిల్టర్ విప్పి బేరింగుల లోహపు రజను మెరుస్తోందేమో చూడాలి. రజను కనబడితే 600 కిలోలకు పైబడ్డ ఆ ఇంజన్‌ని దించడమే.

అప్‌గ్రేడ్ల విషయంలో ఈ వస్తువుకి ఎదురు లేదు. రెండు మచ్చుకి. 1940 జూన్ చివర్లో డి హావిలాండ్ కంపెనీ మనుషులు ఎయిర్‌ఫీల్డులకే వచ్చి, రెండే కోణాలు ఉన్న ప్రొపెల్లర్లను వేగానికి తగ్గట్టు కోణం మార్చుకునేవాటిగా మార్చడం మొదలుపెట్టారు. స్క్వాడ్రన్ ఫిట్టర్లకి అక్కడికక్కడే నేర్పి, ఆగస్టు నడిమికల్లా స్పిట్‌ఫైర్లు, బ్రిటన్‌దే మరో యుద్ధవిమానం హరికేన్లు కలిపి వెయ్యికి పైగా పూర్తి చేశారు. విమానం ఫ్యాక్టరీకి వెళ్లలేదు, ఫ్యాక్టరీయే విమానం దగ్గరికొచ్చింది. రెండోది ఇంకా చవక. ముక్కు గబుక్కున కిందికి దించితే కార్బురేటర్‌లో పెట్రోలు లెక్క తప్పి ఇంజన్ ఆగిపోయేది; జర్మన్ ఇంజన్లకి నేరుగా చిమ్మే పద్ధతి ఉంది కాబట్టి ఆ బాధ లేదు. ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలోని బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు 1941లో నడుమ చిన్న రంధ్రం ఉన్న ఒక ఇత్తడి ముక్కని పెట్రోలు దారిలో పెట్టించింది. ఇంజన్‌కి గరిష్ఠంగా కావలసినంతే దాటనిస్తుంది. విమానాన్ని పని నుంచి తప్పించకుండానే బిగించొచ్చు. పూర్తి వైద్యం కాదు, తలకిందులుగా ఎక్కువసేపు ఎగరలేరు. అయినా అంత చిన్న ముక్కకి అంత ఫలితం మరోచోట దొరకదు.

రిగ్గర్ పని బయటికి తేలిగ్గా కనిపిస్తుంది. టైరు మీదా రిమ్ము మీదా కలిపి ఒక రంగు గీత గీస్తారు. గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే టైరు రిమ్ము మీద జారిందన్నమాట, ట్యూబు వాల్వు తెగేలోపు మార్చాలి. బ్రేకులు, రెక్కల ఫ్లాపులు, తుపాకుల మీట, మూడూ గాలి ఒత్తిడి మీదే నడుస్తాయి. ఒక్క అతుకు కారితే మూడింటికీ ఎసరు. విమానాన్ని పక్కకి వాల్చే ఎలరాన్లు (రెక్క వెనక అంచున కదిలే పలకలు) మార్క్ 1లో గుడ్డవి. ఒక విమానం ఒక పక్కకే వాలుతోందని పైలట్ చెబితే, రిగ్గర్ వెనక అంచు మీద జానెడు పురికొస పెట్టి డోప్‌తో అంటిస్తాడు. ఎగిరొచ్చాక మళ్లీ అడిగి, కొస పెంచడమో కోయడమో చేస్తాడు. విమానం తయారుచేసిన సూపర్ మెరైన్ వాళ్ల గణితమంతా చివరికి పురికొస దగ్గర తేలుతుంది. అద్దం తుడవడం మాత్రం తేలిక పని అనుకోకండి. దూరాన వస్తున్న శత్రు విమానం చుక్కంత ఉంటుంది, అద్దం మీది మరకా అంతే ఉంటుంది.

తూటా దెబ్బలు తింటే రేకు చర్మం ఇబ్బంది పెడుతుంది. చిరిగిన అంచుల్ని కోసి, ఆకురాయితో నున్న చేసి, పగులు పాకకుండా కొసల్లో రంధ్రం వేసి, పైన రేకు ముక్క రివెట్లతో కొట్టాలి. హరికేన్‌కి వెనక సగం గొట్టాలు, చెక్క, పైన గుడ్డ. చాలా దెబ్బలకి గుడ్డ అంటించి డోప్ పూస్తే సరి.

పోలిక వచ్చింది కాబట్టి తేల్చేద్దాం. హరికేన్‌లో రెక్కకి నాలుగు తుపాకులూ ఒకే గూట్లో, పైనుంచి అందేలా ఉంటాయి. చక్రాల మధ్య దూరం ఎక్కువ, గతుకుల మైదానంలో ఒరగదు. అయితే దానికి మూడు ట్యాంకులు, మూడు మూతలు. పెట్రోలు పని స్పిట్‌ఫైర్‌దే సులువు. హరికేన్ 9 నిమిషాల్లో సిద్ధం, స్పిట్‌ఫైర్‌కి 26 అని ఒక లెక్క తరచూ వల్లిస్తారు. అందులో విమానాల తేడా ఎంతో, జట్టు చేతివాటం తేడా ఎంతో ఆ లెక్క చెప్పదు. క్యాన్వాస్ పట్టీ ఉపాయం తెలిసిన జట్టుకి ఆ 26 వర్తించదు. జర్మన్ల మెసర్‌ష్మిట్ 109 సంగతి వేరు. దాని కాళ్లు రెక్కకి కాక నడుముకి తగిలించి ఉంటాయి, అందుకే రెక్క ఊడదీసినా విమానం తన కాళ్ల మీదే నిలబడుతుంది. స్పిట్‌ఫైర్ రెక్క తీయాలంటే కింద ఆధారం పెట్టి తీరాలి. మెకానిక్ గురించి ఎవరు ముందుగా ఆలోచించారని అడిగితే జవాబు జర్మన్ డిజైనరే, ఇష్టం లేకపోయినా చెప్పాలి.

ప్రమాదాల గురించి తయారీదారు అట్టపెట్టె మీద రాయని ముక్క. స్పిట్‌ఫైర్ ముక్కు బరువు. ఇంజన్ గట్టిగా తిప్పినప్పుడు, గాలి వీచే రోజున నేల మీద నడిపినప్పుడు తోక లేవకుండా ఒక మనిషి తోక మీద కూర్చోవాలి. పైలట్‌కి వెనక్కి కనిపించదు. 1945 ఫిబ్రవరి 14న హిబాల్డ్‌స్టో ఎయిర్‌ఫీల్డులో మార్గరెట్ హోర్టన్ అనే మహిళా సిబ్బంది అలా కూర్చుని ఉండగా పైలట్ ఆపకుండా ఎగిరిపోయాడు. ఆమె తోక రెక్కని వాటేసుకుని ఒక చుట్టు తిరిగి ప్రాణాలతో దిగింది. ఆ విమానం, ఏబీ 910, ఇప్పటికీ ఉంది. నేల మీద బతుకు సురక్షితమని అనుకునేవాళ్లు బిగిన్ హిల్ ఎయిర్‌ఫీల్డు లెక్క చూడాలి: 1940 ఆగస్టు 30న ఒక్క దాడిలో 39 మంది పోయారు.

సర్వీసు రికార్డు ఫారం 700. ఒక్కో పనికీ ఒక్కో సంతకం: ఫిట్టర్, రిగ్గర్, ఆర్మరర్, తక్కినవాళ్లు, చివర పైలట్. పైలట్ సంతకం పడ్డాక విమానం అతనిది, దిగాక మళ్లీ వీళ్లది. మన వాయుసేనలో ఇవాళ్టికీ అదే నంబరు ఫారం నడుస్తోంది. రోజువారీ తనిఖీ కాక 30 గంటలకోసారి ఒక పెద్ద తనిఖీ, ఆ పైన ఇంకా పెద్దవి. 1940లో చేతులు నిండా పని ఉన్నా ‘మా విమానం’ అనే మాట ఉండేది. తర్వాతి ఏళ్లలో సిబ్బందిని స్క్వాడ్రన్ నుంచి విడదీసి వేరే సర్వీసింగ్ జట్లుగా మార్చారు. కాగితం మీద పొదుపు కుదిరింది, పైలట్ పేరు తెలియని విమానానికి పురికొస అంటించే ఓపిక మాత్రం తగ్గింది. ఈ మార్పుకి నా ఓటు లేదు.

చూడాలనుకునేవారికి ఒక మాట. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో స్పిట్‌ఫైర్ ఉంది, కానీ మార్క్ 1 కాదు, తర్వాతి రకం. ముందు వంగి రెక్క కింద చూడండి. రెండు వైపులా ఒకే సైజు రేడియేటర్ పెట్టెలు కనిపిస్తాయి. మార్క్ 1లో కుడి పక్క పెట్టె, ఎడమ పక్క సన్నటి గొట్టంలాంటి ఆయిల్ కూలర్ ఉండేవి. చక్రం కాలు ఆ పెట్టెకి ఎంత అడ్డం వస్తుందో చూడటానికి అక్కడ అరనిమిషం చాలు.